మూగవోయిన వైర్‌లెస్ సెట్టు – పాత కంప్యూటరు

బల్లమీద ఒక వైర్‌లెస్ సెట్టు ఉన్నది. దాని పెట్టెకు సొట్ట లేదు. లోపల తీగ తెగలేదు. పన్నెండు వోల్టుల విద్యుత్తు ఇచ్చిన వెంటనే ముందువైపు దీపము వెలుగును. అయినను మనము కోరిన పౌనఃపున్యము మీద అది మాటాడదు, వినదు. దానిని మాటాడింపవలెనన్నచో ముప్పదియేండ్లనాటి కంప్యూటరు ఒకటి కావలెను. నిన్న కొన్న కంప్యూటరు దానికంటె వేయిరెట్లు వేగము కలదియే కావచ్చును, కాని ఈ పనికి అది కొరగాదు. చెడిపోని యంత్రము మూగదగుటయు, దానికి మాట తెప్పించుటకు పాతసామానుల గదిలోని మరియొక యంత్రమును వెదకవలసివచ్చుటయు వింతగా తోచును. ఈ వింత ఎట్లు సంభవించినదో మా విద్యార్థులకు విశదపరచుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

భాషాసాహిత్యములు బోధించు మేము వైర్‌లెస్ యంత్రముల జోలికి ఏల పోవలెనని కొందరు అడుగవచ్చును. ఇందుకు కారణము కలదు. పరికరము నిలిచియుండగా దానిని చదువు విద్య నశించుట మా శాఖవారికి క్రొత్త కాదు. నిజాము రాజ్యమునాటి భూమి దస్తావేజులు శికస్తా లిపిలో వ్రాసినవి మన ప్రాంతమున నేటికిని ఇనుపపెట్టెలలో ఉన్నవి. కాగితము చెడలేదు, సిరా మాయలేదు. కాని గొలుసుకట్టుగా విరిగి సాగు ఆ వ్రాతను చదువగల పెద్దలు ఒక్కొక్కరే తరలిపోవుచున్నారు. చదువువాడు లేనిచో ఆ దస్తావేజు ఉండియు లేనట్లే. వైర్‌లెస్ సెట్టు విషయమున మేము గమనించినది సరిగా ఇదియే.

ముందుగా చరిత్ర కొంత. అమెరికాలోని డిట్రాయిట్ నగర పోలీసులు 1928లో తమ కార్లలో రేడియోలు పెట్టిరి. అవి వినుటకే గాని బదులు చెప్పుటకు పనికివచ్చునవి కావు. కబురు అందిన పోలీసు కారు ఆపి, వీధి టెలిఫోను వెదకికొని జవాబు చెప్పవలసియుండెను. కారునుండియే బదులు చెప్పు రెండువైపుల ఏర్పాటు 1933లో న్యూజెర్సీ రాష్ట్రములోని బయోన్ పట్టణమున వచ్చినది. ఉరుములు, ఇంజను రొద మాటను మింగివేయకుండునట్లు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కనుగొన్న ఎఫ్‌ఎం పద్ధతిని, 1940లో కనెక్టికట్ రాష్ట్ర పోలీసులకై అమర్చినవారు డేనియల్ నోబుల్. ఈయన కళాశాల అధ్యాపకుడని చెప్పుకొనుట మాకు సంతోషము. ఆయన పిమ్మట షికాగోలోని గాల్విన్ కంపెనీలో చేరెను. ఆ కంపెనీ తన కారు రేడియోలకు పెట్టిన పేరే మోటరోలా. రెండవ ప్రపంచయుద్ధములో సైనికులు చేతబట్టి మాటాడిన హ్యాండీ-టాకీయు, సుమారు 16 కిలోల బరువుతో వీపున మోసిన వాకీ-టాకీయు ఆ కంపెనీ తయారుచేసినవే.

ఆనాటి సెట్టులో పౌనఃపున్యమును నిర్ణయించునది క్వార్ట్జ్ స్ఫటికము. స్ఫటికపు పలకను విద్యుత్తుతో కదలించినచో అది తన మందమునకు తగిన వేగముతో మాత్రమే కంపించును. పలక ఎంత పలుచనైనచో కంపనము అంత ఎక్కువ. ఉదాహరణకు 145.500 మెగాహెర్ట్జ్ మీద మాటాడవలెననుకొందము. అంత ఎక్కువగా కంపించు పలకను చేయుట కష్టము గనుక 12.125 మెగాహెర్ట్జ్ పలకను కోసి, దాని కంపనమును వలయములద్వారా 12 రెట్లు పెంచెదరు. ఆ పలక మందము సుమారు 0.14 మిల్లీమీటరు, అనగా రెండు తలవెంట్రుకలు పేర్చినంత. వినుటకు వేరొక స్ఫటికము కావలెను. కారణమేమన, గ్రాహకము లోపల వచ్చిన తరంగమును మరియొక తరంగముతో కలిపి, ఆ రెంటి వ్యత్యాసమును 10.7 మెగాహెర్ట్జ్‌గా మార్చుకొనును. అందుచేత లోపలి తరంగము 145.5 నుండి 10.7 తీసివేయగా మిగిలిన 134.8 మెగాహెర్ట్జ్ వద్ద ఉండవలెను. ఒక చానెలుకు రెండు స్ఫటికములు, నాలుగు చానెళ్ళకు ఎనిమిది. చానెలు మార్చవలెనన్నచో స్ఫటికము కోయు కార్ఖానాకు ఉత్తరము వ్రాసి, అది వచ్చువరకు ఎదురుచూడవలెను. ఖర్చును ఆలస్యమును ఎక్కువయే. అయినను ఆ పద్ధతిలో ఒక సుగుణము ఉన్నది: రహస్యమేమియు లేదు. పెట్టె విప్పినవానికి స్ఫటికము కనబడును, దాని డబ్బామీద అంకె చెక్కియుండును. ఎనుబదియేండ్ల తరువాతనైనను చదువవచ్చును.

1970వ దశకములో సమీకృత వలయములు చౌక యగుటతో ఈ స్థితి మారినది. ప్రతి చానెలుకు వేరు స్ఫటికము పెట్టుటకు బదులు ఒకే స్ఫటికమునుండి వందలకొలది పౌనఃపున్యములను పుట్టించు ఉపాయము వాడుకలోనికి వచ్చెను. ఇంగ్లీషువారు దీనిని ఫేజ్ లాక్డ్ లూప్ అందురు. దీని కీలకము భాగహారము మాత్రమే, భయపడనక్కరలేదు. సెట్టులో ఒక డోలకము ఉండును. దానికిచ్చు వోల్టేజిని బట్టి దాని కంపనము హెచ్చుతగ్గులగును. ఆ కంపనములను ఒక లెక్కించు వలయము ఒకానొక సంఖ్యతో భాగించును. వచ్చిన భాగఫలమును స్ఫటికమునుండి వచ్చిన 5 కిలోహెర్ట్జ్ ప్రమాణముతో పోల్చుదురు. ఎక్కువైనచో వోల్టేజి తగ్గును, తక్కువైనచో పెరుగును, సమానమైనచో డోలకము అచ్చటనే బిగిసికొనును. 145.500 మెగాహెర్ట్జ్ కావలెనన్నచో భాగించు సంఖ్య 29100. వినునపుడు కావలసిన 134.8 మెగాహెర్ట్జ్‌కు ఆ సంఖ్య 26960. సంఖ్యను ఒకటి పెంచినచో పౌనఃపున్యము 5 కిలోహెర్ట్జ్ పెరుగును. మీట నొక్కి మాటాడుటకును, మీట వదలి వినుటకును నడుమ సెట్టు చేయునది ఈ రెండు సంఖ్యలను మార్చుకొనుటయే.

ఇచ్చటనే కథ మలుపు తిరిగినది. స్ఫటికము వస్తువు, సంఖ్య వస్తువు కాదు. దానిని ఎక్కడనో వ్రాసి దాచవలెను. మొదట కరిగించిన తీగలుగల చిప్పులలో వ్రాసిరి. ఒకసారి వ్రాసినచో మార్పులేదు. 1971లో ఇంటెల్ కంపెనీలో డోవ్ ఫ్రోమన్ కనుగొన్న ఈప్రామ్ చిప్పును అతినీలలోహిత కిరణములక్రింద పెట్టి తుడిచి మరల వ్రాయవచ్చును. ఆ కిరణములు లోపలికి పోవుటకు చిప్పు నడినెత్తిన చిన్న క్వార్ట్జ్ కిటికీ ఉండును. సెట్టునుండి తొలగింపబడిన క్వార్ట్జ్ మరియొక రూపమున వెనుకకు వచ్చినదని మాకు నవ్వు వచ్చినది. 1970వ దశకము చివర విద్యుత్తుతోనే తుడిచి వ్రాయదగిన చిప్పులు వచ్చెను. వీనిని ఈఈప్రామ్ అందురు. ఇక చిప్పును పెరికి బయటకు తీయు అవసరముకూడ లేదు. సెట్టుకు ఒక తీగ తగిలించి లోపలి స్మృతిని మార్చవచ్చును. ఈ స్మృతిలోని సమాచారమంతటికి మోటరోలావారు పెట్టిన పేరు కోడ్ ప్లగ్. మొదట అది నిజముగా గుచ్చి తీయు ప్లగ్గే. ప్లగ్గు పోయి చిప్పు వచ్చినను పేరు పోలేదు. నేటి డిజిటల్ సెట్లవారును అదే మాట వాడుదురు. శబ్దము తన వస్తువును దాటి బ్రతుకుట భాషాశాస్త్ర విద్యార్థులు ఎరిగినదే.

కోడ్ ప్లగ్‌లో ఏమి ఉండును? చానెళ్ళ సంఖ్యలు, ఒక్కొక్క చానెలులో ఎంత బలముతో ప్రసారము చేయవలెనను సూచన, ఎంతసేపు ఏకబిగిన మాటాడనీయవచ్చునను పరిమితి, చెవికి వినబడనంత సన్నగా మాటక్రింద పారు గుర్తింపు స్వరము. ఈ స్వరములు 67 హెర్ట్జ్ మొదలు 250 పై వరకు ఏర్పరచబడినవి. మన స్వరముతో వచ్చిన మాటకే మన సెట్టు నోరు విప్పును, ఇతరుల మాటలు చెవిని పెట్టదు. ఇవిగాక ప్రతి సెట్టుకు దానిదియే యైన కొన్ని అంకెలు ఉండును. కర్మాగారములో పరికరములతో కొలిచి, ఈ సెట్టులోని స్ఫటికము ఇంత ప్రక్కకు ఒరిగినది, ఈ సెట్టులోని ప్రసారవలయమునకు ఇంత బలము చాలును అని వ్రాసిన సవరణలు అవి. ఒకే అచ్చున పోసిన రెండు సెట్లకుకూడ ఈ అంకెలు ఒకటి కావు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలెను, ముందు దీనితో పని ఉన్నది.

సంఖ్యను చిప్పులో ఎట్లు దాచుదురో ఒక చిన్న లెక్క చూపెదము. ఒక బైటులో 0 మొదలు 255 వరకే ఇముడును. 29100 ఇముడదు గనుక దానిని రెండు బైట్లుగా విడదీయవలెను. 256తో భాగింపగా భాగఫలము 113, శేషము 172. ఈ రెండును వ్రాసికొన్నచో చాలును. వ్రాసినది చెదరలేదని తెలిసికొనుటకు చివర ఒక సరిచూపు అంకె చేర్చెదరు. 113, 172 కూడగా 285. అందులో 256 తీసివేయగా 29. చదువునపుడు మొత్తము 29కి సరిపడనిచో ఎచ్చటనో తప్పు దొర్లినదని సెట్టు గ్రహించి నోరు మూసికొనును. నిజమైన సెట్లలో అమరిక ఇంతకంటె చిక్కైనది. అయినను సూత్రము ఇదియే.

1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటరు వచ్చినది. అంతకుముందు కోడ్ ప్లగ్ వ్రాయుటకు పెట్టెవంటి ప్రత్యేక యంత్రము ఉండెడిది. 1980వ దశకము రెండవ సగమునుండి ఆ పనిని సాధారణ కంప్యూటరుకు అప్పగించిరి. మోటరోలావారి సాఫ్ట్‌వేరు డాస్ పద్ధతిలో నడచునది. మౌసు లేదు, బొమ్మలు లేవు. అక్షరములతో నిండిన తెర, పైవరుస ఎఫ్ మీటలు, అంతే. కంప్యూటరుకును సెట్టుకును నడుమ ఒక చిన్న పెట్టె అవసరము. దానిని రిబ్ అందురు. కంప్యూటరు వెనుకనున్న సీరియల్ పోర్టు ఆర్‌ఎస్-232 పద్ధతిలో మాటాడును. అందు ఒకటిని ఋణ వోల్టేజితో, సున్నను ధన వోల్టేజితో సూచించెదరు. సెట్టు లోపల సున్న అనగా సున్న వోల్టు, ఒకటి అనగా 5 వోల్టులు. ఒకరి ధనము వేరొకరికి శూన్యము! ఈ రెండు భాషలకు దుబాసీ ఆ పెట్టె. మరియొక చిక్కు: ఈ తరగతి సెట్లలో పోవుటకును వచ్చుటకును ఒకే తీగ. అందుచేత కంప్యూటరు తాను పలికినది ముందు తానే ప్రతిధ్వనిగా వినును, పిమ్మట సెట్టు జవాబు వినవలెను. సెకండుకు 9600 బిట్ల వేగమున ఒక్కొక్క బైటు పోవుటకు మిల్లీసెకండుకు కొంచెము పైగా పట్టును. పలుకుట, ప్రతిధ్వని వినుట, జవాబుకై ఆగుట — ఇది సంభాషణ వంటిది. ఆగవలసినంతసేపు ఆగనివాడు జవాబు రాలేదని కోపించి లేచిపోవును.

ఎంతసేపు ఆగవలెనో ఆనాటి ప్రోగ్రాములు ఎట్లు లెక్కించినవి? రోగమంతయు ఇచ్చటనే ఉన్నది. మా ఇండ్లలోని ఒక ఉపమానము చెప్పెదము. గడియారములేని వంటింటిలో ముసలమ్మ, తస్బీహ్ పూసలు ఒక చుట్టు త్రిప్పునంతసేపు అన్నమును దమ్ముమీద ఉంచుమని కోడండ్లకు నేర్పినది. ఆమె వ్రేళ్ళ నెమ్మదికి ఆ లెక్క సరిగా కుదిరినది. అదే పూసలను మనుమరాలు గబగబ త్రిప్పి మూత తీసినచో బియ్యము ఉడుకదు. లెక్కలో తప్పులేదు, పూసలు వందయే. మారినది వ్రేళ్ళ వేగము. ఆనాటి ప్రోగ్రాములలో పెక్కింటియందు ఆగుట అనగా కంప్యూటరుచేత ఊరక ఇన్నివేలసార్లు అంకెలు లెక్కింపజేయుటయే. మొదటి ఐబీఎం యంత్రము 4.77 మెగాహెర్ట్జ్ వేగమున నడచెను. 386, 486 యంత్రములు 16 మొదలు 66 వరకు. వీనిని మనసునందుంచుకొని వ్రాసిన లెక్క నేటి యంత్రములో కన్నుమూసి తెరచులోపలనే ముగియును. సెట్టు నోరు తెరవకముందే కంప్యూటరు జవాబు లేదని తీర్మానించును.

ఇట్టి తొందరపాటు ఒక్క వైర్‌లెస్ ప్రోగ్రాములకే కలిగినది కాదు. టర్బో పాస్కల్ భాషలో వ్రాసిన ఎన్నియో ప్రోగ్రాములు 1990వ దశకము చివర వచ్చిన వేగవంతమైన యంత్రములలో తెరుచుకొనకయే 200వ నంబరు తప్పు అని చెప్పి పడిపోయెడివి. ఆ భాషలోని ఒక భాగము ప్రారంభముననే, 55 మిల్లీసెకండ్లలో ఈ యంత్రము ఎన్నిమారులు లెక్కింపగలదో చూచి, ఆ మొత్తమును 55తో భాగించును. ఆ భాగఫలము 65535 దాటదని దానిని వ్రాసినవారు నమ్మిరి. సుమారు 200 మెగాహెర్ట్జ్ యంత్రములు వచ్చుసరికి ఆ హద్దు దాటినది, భాగహారము పొంగిపోయినది. వ్రాసినవారిని నిందింపలేము. తమ పాఠకుడు తమకంటె ఇంత త్వరగా చదువునని ఏ రచయిత ఊహించును?

రెండవ అడ్డంకి తలుపులది. డాస్ కాలములో ప్రోగ్రాము సీరియల్ పోర్టు చిప్పుతో సూటిగా మాటాడెడిది. మొదటి పోర్టు చిరునామా 1016, రెండవదానిది 760, ఈ అంకెలు ప్రోగ్రాములోనే వ్రాసియుండును. విండోస్ ఎన్‌టీ వంశములో వచ్చిన ఎక్స్‌పీ మొదలగునవి ఈ సూటి రాకపోకలను నిషేధించినవి. ఎవరైనను తమద్వారానే పోవలెను. ఇక నేటి ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టే లేదు. యూఎస్‌బీ నుండి మార్చు తీగ ఒకటి అంగడిలో దొరకును గాని, అది 1016వ ఇంట కాపురముండదు. పైగా బైట్లను అప్పటికప్పుడు అందింపక కట్టలు కట్టి పంపును. కొన్నింటిలో ఆ జాగు 16 మిల్లీసెకండ్లవరకు ఉండును. ఒక్కొక్క బైటు ఒక మిల్లీసెకండులో నడచు సంభాషణకు ఇది ఎంత విఘాతమో చెప్పనక్కరలేదు.

ఈ పాత సెట్లు నేడు ఔత్సాహికుల చేతికి ఎట్లు వచ్చినవనగా, అందుకు ఒక ప్రభుత్వ నిర్ణయము ముఖ్య కారణము. అమెరికా ప్రసారనియంత్రణ సంఘము, 25 కిలోహెర్ట్జ్ వెడల్పుగల చానెళ్ళను 12.5 కిలోహెర్ట్జ్‌కు కుదించవలెనని పోలీసు, అగ్నిమాపక, వ్యాపార సంస్థలకు 2013 జనవరి 1వ తేదీని గడువుగా విధించెను. కుదించుటకు వీలులేని సెట్లు గుట్టలుగా అమ్మకమునకు వచ్చినవి. హ్యాములు అనబడు లైసెన్సుగల ఔత్సాహికులకు వెడల్పు చానెళ్ళు నిషిద్ధము కావు. వర్షములో, ధూళిలో, జీపు కుదుపులలో పనిచేయుటకు పుట్టిన ఈ సెట్లు వారికి చౌకగా దొరకినవి. మన దేశములోను పాతసామానుల అంగళ్ళలో ఇట్టివి అప్పుడప్పుడు కనబడును. అయితే ఒక మెలిక గమనింపదగినది. అమెరికాలో హ్యాములకు ఇచ్చిన పట్టీ 144 మొదలు 148 మెగాహెర్ట్జ్ వరకు, మనకు 144 మొదలు 146 వరకే. మోటరోలా జీఎం-300 అను కారు సెట్టు 136–162, 146–174 అని రెండు విధములుగా వచ్చినది. రెండవ విధపు సెట్టు అమెరికా హ్యాముకు సగము పట్టీకి అక్కరకు వచ్చును. మన హ్యాముకు పట్టీ ముగిసినచోట అది మొదలగును. కొనువారు పెట్టెమీది మోడలు నంబరు చూడక మోసపోవుట కద్దు.

మా కళాశాల భౌతికశాస్త్ర ఉపన్యాసకులు ఒకరు పరీక్ష ప్యాసై హ్యాము లైసెన్సు పొందినవారు. గత సంవత్సరము వారు మొదటి విధపు జీఎం-300 సెట్లు రెండు సంపాదించిరి. మాకు ఈ విద్యలో అక్షరాభ్యాసము వారివద్దనే జరిగినది. మొదటి సెట్టును నగరములోని ఒక మరమ్మతుదారుకు ఇచ్చిరి. అతడు క్రొత్త ల్యాప్‌టాపునకు మార్పుతీగ తగిలించి, అదృష్టము పరీక్షించినాడు. చదువుట ఎట్లో కొంత జరిగినది. పాత సమాచారమును దాచుకొనకయే వ్రాయుటకు పూనుకొన్నాడు. నడుమ సంభాషణ తెగినది. సగము క్రొత్త అంకెలు, సగము పాతవి, సరిచూపు అంకె దేనికిని చెందనిది. సెట్టు మరల వెలిగించినపుడు ఒక కూత కూసి ఊరకున్నది. చానెలు అంకెలు పోయినందుకు విచారములేదు, అవి మరల వ్రాయవచ్చును. ఆ సెట్టుకు మాత్రమే చెందిన సవరణ అంకెలు పోయినవి. వానికి నకలు లోకములో మరెచ్చటను లేదు.

రెండవ సెట్టునైనను కాపాడవలెనని మేమిద్దరము మా స్టోరు గదికి పోతిమి. అచ్చట వేలమునకు జాబితా వ్రాసిన సామానులలో 486 కంప్యూటరు ఒకటి ఉన్నది. “సాబ్, దీనిని తూకానికి అమ్మడమే గదా, మీకెందుకు?” అని అటెండరు ఆశ్చర్యపడినాడు. ప్రిన్సిపాలుగారికి అర్జీ వ్రాసి ఒక నెలకు అరువు తెచ్చికొంటిమి. మూత విప్పగా మదర్‌బోర్డు మీది గుండ్రని నికెల్-కాడ్మియం బ్యాటరీ కారి, ప్రక్కనున్న రాగిదారులను పచ్చగా తినుచుండెను. ఇట్టి యంత్రము దొరికినవారు మొట్టమొదట చేయవలసినది ఆ బ్యాటరీని కోసివేయుట. వెనిగరులో ముంచిన దూదితో తుడిచి, ఒక దారి తెగగా సన్నని తీగతో అతికిరి. ఫ్లాపీ డ్రైవు తల శుభ్రము చేసిరి. ఫ్లాపీలు దొరకుట మరియొక ప్రయాస. సోనీ కంపెనీ 2011లోనే వాని తయారీ మానినది. మా ఉర్దూ శాఖ బీరువాలో పాత ప్రశ్నపత్రములున్న ఫ్లాపీలు పది దొరకగా, అందు మూడు బ్రతికియున్నవి. కంప్యూటరు ముందరి టర్బో మీట నొక్కి వేగము తగ్గించిరి.

ఈమారు తొందర లేదు. మొదట చదువుట మాత్రమే. చదివినది ఫ్లాపీలో దాచి, మరల చదివి, రెండును పోల్చి, ఒకటేయని తేల్చుకొని, ఆ ఫ్లాపీని మరి రెండింటికి నకలు తీసిరి. ఆ పిమ్మటనే చానెళ్ళు మార్చిరి. వ్రాయునపుడు కరెంటు పోయినచో మొదటి సెట్టు గతియే దీనికిని పట్టునను భయముతో సెట్టును కారు బ్యాటరీకి, కంప్యూటరును ఇన్‌వర్టరుకు తగిలించిరి. తెరమీద అంకెలు నెమ్మదిగా నడచిన ఆ కొద్ది నిమిషములు మేము ఊపిరి బిగబట్టి కూర్చుంటిమని ఒప్పుకొనుటకు సిగ్గులేదు. వ్రాత ముగిసినది, సెట్టు వెలిగినది.

అయినచో రెండవ సెట్టు కోడ్ ప్లగ్‌ను యథాతథముగా మొదటిదానిలో ఎక్కింపరాదా అని మేము అడిగితిమి. ఎక్కింపవచ్చును, సెట్టు లేచి కూర్చుండును. కాని ఒకరి కండ్లజోడు వేరొకరు పెట్టుకొన్నట్లుండునని వారు చెప్పిరి. పౌనఃపున్యము కొంచెము ప్రక్కకు ఒరుగును, బలము ఎక్కువతక్కువలగును, మాట చీలును. అందుచేత అట్లు లేపిన తరువాత పౌనఃపున్యమాపకము, శక్తిమాపకము పెట్టి ప్రతి సవరణను క్రొత్తగా కొలిచి వ్రాయవలెను. వారు మూడు ఆదివారములు కూర్చుండి ఆ పని చేసిరి. కర్మాగారపు అంకెలు తిరిగి రాలేదు గాని, సెట్టు నేడు మాటాడుచున్నది.

స్మృతినే నమ్ముకొన్న యంత్రములకు ఇంతకంటె కష్టమైన గతికూడ పట్టినది. 1980వ దశకములో జపానువారి ఐకామ్ కంపెనీ తయారుచేసిన ఐసి-751 వంటి కొన్ని సెట్లలో, సెట్టు నడచుటకు కావలసిన సమాచారము ఒక చిన్న లిథియం ఘటముచేత నిలుపబడు స్మృతిలో ఉంచబడెను. ఘటము ప్రాణము పోయిననాడు సెట్టు తన్ను తాను మరచిపోవును. పెక్కు సంవత్సరముల తరువాత ఔత్సాహికులు ఆ సమాచారమును చదివి, ఘటము అక్కరలేని చిప్పులలోనికి ఎక్కించిరి.

ఇక ధర్మసందేహము ఒకటి కలదు. సెట్టు మనది, కొన్నాము. దానిని చదువు సాఫ్ట్‌వేరు కంపెనీది. ఆనాడు దానిని లైసెన్సుమీద ఇచ్చిరేగాని అమ్మలేదు. ఔత్సాహికులు ఒకరినొకరు అడిగి నకళ్ళు తెచ్చుకొనుట లోకరీతి యైనను, న్యాయముగా అది కంపెనీ హక్కును దాటుటయే. మా మిత్రులు సెట్లతోపాటు అసలు ఫ్లాపీనికూడ పాత యజమానినుండి వ్రాతమూలకముగా పొందిరి. అట్టి అదృష్టము అందరికి ఉండదు. అమ్మకము మానిన సాధనమును కంపెనీలు అందరికి వదలిపెట్టినచో ఏమి నష్టమో మాకు బోధపడలేదు. అటులనే విద్యార్థులు మరియొకటి ఎరిగియుండవలెను. మన దేశములో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము మొదలు, దాని స్థానమున చేయబడిన 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టము వరకు, అనుమతి లేక ప్రసారయంత్రమును వాడుట నేరమే. కోరికగలవారు పండ్రెండేండ్లు నిండినచో ప్రభుత్వపు పరీక్షకు కూర్చుండవచ్చును. హైదరాబాదులో 1983లో నెలకొల్పబడిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఇట్టివారికి శిక్షణ ఇచ్చినది. 2004 డిసెంబరులో సునామీ వచ్చిననాడు ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారి బృందము పోర్ట్ బ్లెయిర్‌లో ఉండెను. టెలిఫోనులు మూగవోయిన అండమాను దీవులనుండి వారు హ్రస్వతరంగములపై కబురులు చేరవేసిరి.

మేము అరువు తెచ్చిన 486 గడువు ముగియకముందే ప్రిన్సిపాలుగారు దానిని వేలపు జాబితానుండి కొట్టివేసి భౌతికశాస్త్ర ప్రయోగశాల పేర వ్రాసిరి. మా మిత్రులు రెండు సెట్ల మూతల లోపల ఒక్కొక్క కాగితము అంటించిరి. చానెళ్ళు, భాగించు సంఖ్యలు, గుర్తింపు స్వరములు, క్రొత్తగా కొలిచిన సవరణ అంకెలు, కొలిచిన తేదీ అందులో ఉన్నవి. తెలుగులో ఒకమారు, ఉర్దూలో ఒకమారు వ్రాయుమని మమ్ము కోరగా తెలుగు భాగము మేము వ్రాసితిమి. ఉర్దూ భాగమును మా ఉర్దూ శాఖవారు నస్తలీఖ్‌లో, ఒక్కొక్క అంకె విడివిడిగా కనబడునట్లు, వ్రాసి ఇచ్చిరి.